'పని నేర్చుకుంటున్నాడు' అన్న మాట కూలికి బదులు కాదు

"వాడికి జీతమేమిటి? పని నేర్చుకుంటున్నాడు కదా!" మన బస్తీలలో ఇంత తేలికగా నోట వచ్చే మాట మరొకటి లేదు. ఇంత అన్యాయాన్ని కప్పిపుచ్చే మాట కూడా మరొకటి లేదు. విజయవాడ ఆటోనగర్ షెడ్లు మొదలుకొని హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాల వరకు, వెల్డింగు దుకాణాలలో, టైలరింగు గదులలో, బేకరీ బట్టీల ముందు, మగ్గం పని చట్రాల చుట్టూ ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. ఉదయం షట్టరు ఎత్తేది ఆ కుర్రవాడే, రాత్రి షట్టరు దించేదీ అతడే. ఈ రెంటి నడుమ ఊడ్చేది, పానాలు అందించేది, టీ తెచ్చేది, ఏడాది తిరిగేసరికి ఇంజను విప్పి బిగించేది కూడా అతడే. అయినా నెలాఖరున అతని చేతికి వచ్చేది కూలి కాదు, 'ఖర్చులకు ఉంచుకో' అంటూ ఇచ్చే నాలుగు నోట్లు.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ దేశ చట్టం ముందు పనిచేసే యువకుడికి రెండే స్థానాలు ఉన్నాయి. ఒకటి, రాతపూర్వక ఒప్పందంతో నమోదై స్టైపెండు పొందే అప్రెంటిస్ స్థానం. రెండవది, కనీస వేతనానికి హక్కుదారుడైన కార్మికుడి స్థానం. 'నేర్చుకుంటున్నాడు గనుక ఇవ్వనక్కరలేదు' అనే మూడవ స్థానం చట్టంలోనూ లేదు, షరియత్‌లోనూ లేదు. దానిని సృష్టించింది మన అలవాటు. దాని అసలు పేరు శిక్షణ కాదు, కూలి ఎగవేత.

ఇది మన ప్రశ్న ఎందుకయింది?

2006 నవంబరులో సచార్ కమిటీ తన నివేదికను సమర్పించినప్పుడు అందులోని ఒక వాస్తవం మనలను కలచివేసింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం బాలబాలికలలో 25 శాతం మంది అసలు బడి ముఖమే చూడనివారు లేదా మధ్యలో బడి మానేసినవారు. ముస్లిం శ్రామికులు నెలజీతపు ఉద్యోగాలలో తక్కువగా, చిన్న వ్యాపారాలలో, స్వయం ఉపాధిలో, ఇంటిపట్టున చేసే పనులలో ఎక్కువగా ఉన్నారని కూడా ఆ నివేదికే చెప్పింది. ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టి చూడండి. బడి మానిన పిల్లవాడు ఎక్కడికి వెళ్తాడు? ప్రభుత్వ కార్యాలయానికి కాదు, పెద్ద కంపెనీకి కాదు. మామయ్య గ్యారేజీకి, పక్కింటివారి ఫర్నిచరు దుకాణానికి, తెలిసినవారి ఏసీ రిపేరు షాపుకు వెళ్తాడు. ఆడపిల్ల అయితే వీధి చివర ఉన్న మగ్గం వర్క్ గదికి వెళ్తుంది. లేదా ఇంట్లోనే కూర్చుని, ఎవరో మధ్యవర్తి తెచ్చి ఇచ్చిన చీరకు పూసలు కుడుతుంది. ఆ పిల్లకు కూడా 'నేర్చుకుంటోంది' అనే పేరే.

కనుక వేతనం ఎగ్గొట్టబడిన కుర్రవాడు మనవాడు. చాలా చోట్ల ఎగ్గొట్టే ఉస్తాద్ కూడా మనవాడే. ఇక్కడే మన ఉద్యమాలు మూగబోతున్నాయి. 2007లో వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ల కోసం వీధులలోనూ న్యాయస్థానాలలోనూ నిలబడ్డాం. వక్ఫ్ భూముల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం, సబ్‌ప్లాన్ కోసం గొంతెత్తాం. అవన్నీ న్యాయమైన పోరాటాలే. అయితే డిగ్రీ కళాశాల గడప తొక్కని, స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఎన్నడూ నింపని ఆ పదహారేళ్ల షాగిర్ద్ మన వినతిపత్రాలలో ఎక్కడ ఉన్నాడు?

ఈ మాట అనగానే ఒక హెచ్చరిక ఎదురవుతుంది. "రోజులు బాగాలేవు. మన వ్యాపారులను బహిష్కరించాలని పిలుపునిచ్చేవారు ఉన్నారు. ఇలాంటి వేళ ఇంటి గుట్టు రచ్చకెక్కించి పరాయివారి చేతికి కర్ర అందిస్తారా?" అని అడుగుతారు. ఈ ఆవేదనను మేము గౌరవిస్తాం. మన చిరువ్యాపారి మీద జరుగుతున్న దాడి నిజం, అతనిని కాపాడుకోవడం మన విధి. కానీ ఆ దుకాణంలో నేల తుడుస్తున్న కుర్రవాడు కూడా ఈ సమాజపు బిడ్డే కదా! అతడి నోరు నొక్కితే తప్ప మన ఐక్యత నిలవదంటే, అది ఐక్యత కాదు, బలవంతుల ఒడంబడిక. అల్పసంఖ్యాకుల హక్కుల గురించి మాట్లాడేవారు తమలోని బలహీనుడి హక్కు దగ్గర మౌనం వహిస్తే, బయట వారు వినిపించే ధర్మపన్నాల విలువ ఏపాటిది?

అప్రెంటిస్ అంటే ఎవరు?

అప్రెంటిస్ అనే మాటకు ఈ దేశంలో అర్థం చెప్పేది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. దాని ప్రకారం కుర్రవాడిని దుకాణంలో నిలబెట్టినంత మాత్రాన అతడు అప్రెంటిస్ కాడు. యజమానికీ అతనికీ మధ్య, మైనరైతే అతని సంరక్షకుడితో, రాతపూర్వకంగా ఒప్పందం జరగాలి. అది ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. ఏ వృత్తిలో, ఎంత కాలం, ఏ పాఠ్యక్రమం ప్రకారం నేర్పుతారో ముందే తేలాలి. 14 ఏళ్లు నిండనివారిని, ప్రమాదకర పరిశ్రమలలో 18 ఏళ్లు నిండనివారిని అప్రెంటిస్‌లుగా తీసుకోరాదు.

2019లో సవరించిన నిబంధనలు నెలవారీ కనీస స్టైపెండును నిర్ణయించాయి. అయిదు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివినవారికి 5,000 రూపాయలు, పదో తరగతి పూర్తయినవారికి 6,000, ఇంటర్ పూర్తయినవారికి 7,000, డిప్లొమా ఉన్నవారికి 8,000, పట్టభద్రులకు 9,000 చొప్పున చెల్లించాలి. రెండవ ఏట 10 శాతం, మూడవ ఏట 15 శాతం పెంచాలి. పీసుకు ఇంత అని ముక్కల లెక్కన అప్రెంటిస్‌కు చెల్లించడాన్ని చట్టం నిషేధించింది. ఎందుకంటే అతడు వచ్చింది నేర్చుకోవడానికి, సరుకు తయారు చేసి ఇవ్వడానికి కాదు. పనిలో గాయపడితే నష్టపరిహారం ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే.

ఇక్కడ మన దుకాణదారులు గమనించవలసిన విషయం ఒకటుంది. 30 మంది, అంతకు మించి పనివారు ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది వరకు ఉన్న సంస్థలు తమ ఇష్టం మేరకు తీసుకోవచ్చు. అంతకన్నా తక్కువ మందితో నడిచే షెడ్డుకు ఈ చట్టంలో చోటే లేదు. అంటే ఉస్తాద్, ఇద్దరు పనివారు ఉన్న గ్యారేజీలో 'అప్రెంటిస్' అనే వాడు చట్టరీత్యా ఉండనే ఉండడు. అక్కడున్న ప్రతి కుర్రవాడూ కార్మికుడే.

కార్మికుడైతే కనీస వేతనం హక్కు

1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. పాత చట్టం షెడ్యూలులో చేర్చిన పనులకే వర్తించేది. కొత్త కోడ్ ఆ గిరిని చెరిపివేసి కనీస వేతన హక్కును అన్ని రకాల పనులకూ విస్తరించింది. అప్రెంటిస్‌ల చట్టం కింద నియమితుడైన అప్రెంటిస్‌ను ఉద్యోగి అనే నిర్వచనం నుంచి మినహాయించింది. పని నేర్చుకుంటున్నవారిని మినహాయించలేదు, కొత్తవారిని మినహాయించలేదు, బంధువుల పిల్లలను మినహాయించలేదు.

'చిన్నవాడు గనుక తక్కువ' అనే వాదనకు కూడా ఇక్కడ నిలువనీడ లేదు. పాత చట్టం 14 నుంచి 18 ఏళ్ల వారికి వేరే రేటు ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది తప్ప, తోచినంత విదిలించే అధికారాన్ని ఏ యజమానికీ ఇవ్వలేదు. 18 నిండిన యువకుడు అప్పుడూ ఇప్పుడూ పూర్తి వేతనానికి హక్కుదారుడే. కొత్త కోడ్ వేతన నిర్ణయానికి ప్రధానంగా చూడమన్నది పనిలోని నైపుణ్యాన్ని, ప్రాంతాన్ని. మీసం మొలిచిందా లేదా అన్నది కొలమానం కాదు.

ఒకవేళ ఆ కుర్రవాడు, అతని తండ్రి 'మాకు సమ్మతమే' అని ఒప్పుకుని ఉంటే? ఆ ఒప్పుకోలు చెల్లదు. కనీస వేతనాన్ని వదులుకుంటామని రాసి ఇచ్చినా ఆ కాగితానికి విలువ లేదని చట్టం స్పష్టంగా చెబుతోంది. తక్కువ ఇచ్చారని దావా వేస్తే, పూర్తిగా ఇచ్చానని నిరూపించుకోవలసిన భారం యజమాని మీదనే ఉంటుంది. దావాకు గడువు మూడేళ్లు. ఎగ్గొట్టిన సొమ్ముతో పాటు దానికి పది రెట్ల వరకు నష్టపరిహారం విధించే అధికారం విచారణాధికారికి ఉంది.

అంతకు ముందే, 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఇంకా లోతైన మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అని తీర్పు ఇచ్చింది. కాళ్లకు గొలుసులు ఉంటేనే వెట్టి కాదు, ఆకలి మనిషిని తక్కువ కూలికి తలవంచేలా చేస్తే అది కూడా బలవంతమేనని తేల్చింది. ఆ తీర్పు వెలుగులో మన వీధిని చూడండి. తల్లి వైద్యానికో అక్క నికాహ్‌కో తండ్రి తీసుకున్న అడ్వాన్సు తీరే వరకు దుకాణం వదలలేని కుర్రవాడు ఎవరు? 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలాంటి అప్పును రద్దు చేసింది.

పసివారి సంగతి

2016 సవరణ తరువాత 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. బడివేళల తరువాత సొంత కుటుంబపు పనిలో సాయపడటం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకర పనులలో పెట్టుకోరాదు. మిగతా పనులలోనూ విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు మించరాదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించరాదు. వారానికి ఒక సెలవు ఇవ్వాలి. ఈ నియమాలతో కొలిస్తే మన షెడ్లలో, హోటళ్లలో ఎన్ని మిగులుతాయి?

2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు గాజుల కార్ఖానాలను సోదా చేసినప్పుడు రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. అత్యధికులు బీహారు నుంచి తెచ్చినవారు. గాలి ఆడని గదులలో, లక్క కరిగించే వేడిలో, పొద్దస్తమానం గాజులకు రాళ్లు అద్దుతున్నవారు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. లాడ్ బజారు కీర్తికి మనమంతా గర్వించాం. గాజుకు గుర్తింపు వచ్చింది సరే, దానిని తీర్చే చేతులకు కూలి గుర్తింపు ఎప్పుడు?

నాలుగు సాకులు

మొదటి సాకు: "మేమూ ఇలాగే నేర్చుకున్నాం." నిజమే, ఎందరో ఉస్తాదులు బాల్యాన్ని గ్రీజులో, పొగలో కరిగించి పైకి వచ్చారు. వారి కష్టానికి మేము తలవంచుతాం. కానీ తనకు జరిగిన అన్యాయాన్ని వారసత్వంగా అందించడం సంప్రదాయం కాదు. తాను తిన్న దెబ్బను తరువాతి వాడికి తగలకుండా ఆపినవాడే ఉస్తాద్ అనే పేరుకు తగినవాడు.

రెండవ సాకు: "విద్య నేర్పుతున్నాం, అదే జీతం." విద్య నేర్పితే ఆ విద్యకు ఆనవాలు ఉండాలి. ఎన్ని నెలలలో ఏమి నేర్పుతారు? చివర ఏ ధ్రువపత్రం ఇస్తారు? మూడేళ్ల పాటు బండ్లు కడిగించి, టీ మోయించి, ఇంటి కూరగాయలు తెప్పించి, దానికి శిక్షణ అని పేరు పెట్టడం విద్యను అవమానించడమే. నిజంగా నేర్చుకున్న కుర్రవాడు ఏడాదికే ఖాతాదారుడి బండిని సొంతంగా బాగుచేస్తాడు. ఆ పనికి ఖాతాదారుడు ఇచ్చే సొమ్ము 'నేర్చుకునేవాడి రేటు'లో ఉండదు, పూర్తి రేటులోనే ఉంటుంది. వసూలు పూర్తిగా, చెల్లింపు సున్నాగా ఉంటే నడుమ మాయమైనది ఎవరి సొమ్ము?

మూడవ సాకు: "వాడికేం ఖర్చులు, పెళ్లా పిల్లలా?" మన పేద కుటుంబాలను ఎరిగినవారు ఈ మాట అనగలరా? తండ్రి మంచాన పడితే, ఆటో ఫైనాన్సువారి చేతిలోకి పోతే, ఆ ఇంటి పొయ్యి వెలిగించేది ఈ కుర్రవాడి కూలే. పైగా కూలి అవసరాన్ని బట్టి కాదు, పనిని బట్టి వస్తుంది. బ్రహ్మచారి అమ్మిన బిర్యానీకి తక్కువ డబ్బులు ఇస్తామా?

నాలుగవ సాకు: "అంత ఇస్తే దుకాణం మూసుకోవాలి." కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమకు బతికే హక్కు లేదని సుప్రీంకోర్టు 1950ల నాడే చెప్పింది. ఆ మాట మన చిరువ్యాపారికి కఠినంగా తోచవచ్చు. కాని దుకాణం అద్దె ఎగ్గొట్టి నడపగలమా? కరెంటు బిల్లు కట్టకుండా నడపగలమా? విడిభాగాల వ్యాపారికి బాకీ తీర్చకుండా నడపగలమా? వీటన్నిటినీ లెక్కలో వేసుకున్న చేయి కుర్రవాడి కూలి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగుతుంది? అతడు కరెంటు తీగ కోయలేడు గనుక, తాళం వేయలేడు గనుక, బలహీనుడు గనుక.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. రోజుకు 100 రూపాయలు తీసుకుంటూ నెలకు 26 రోజులు పనిచేసే కుర్రవాడికి 2,600 వస్తాయి. కేంద్రం 2019లో సూచించిన జాతీయ కనీస స్థాయి రోజుకు 178 రూపాయలు. అంత అల్పమైన కొలతతో చూసినా నెలకు 4,628 రావాలి. మూడేళ్లలో అతడు పోగొట్టుకున్నది 73,008 రూపాయలు. అదే 2019లో అనూప్ సత్పతి కమిటీ సిఫార్సు చేసిన 375 రూపాయల చొప్పున చూస్తే నెలకు 9,750, మూడేళ్ల నష్టం 2,57,400. సొంత దుకాణం తెరవడానికి అతనికి కావలసిన పెట్టుబడి అదే. అతని స్వతంత్ర జీవితం ఉస్తాద్ గల్లాపెట్టెలోనే ఆగిపోయింది.

దీన్ ఏమంటోంది?

చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (స) బోధను మన పిల్లలు కూడా అప్పజెప్పగలరు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. తూనికలో తక్కువ చేసేవారి వినాశం గురించి దివ్య ఖురాన్‌లో ఒక సూరాయే ఉంది. తూనిక అంటే త్రాసు ఒక్కటే కాదు. పది గంటల శ్రమను తీసుకుని రెండు గంటల విలువ ఇవ్వడం కూడా తూనికలో మోసమే.

మద్యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకున్న వృద్ధుడు ఏమి చేశారో సూరా అల్ ఖసస్‌లో చూస్తాం. ఆయన పని గడువు ఎనిమిదేళ్లని ముందే చెప్పారు. పదేళ్లు పూర్తి చేయడం మూసా ఇష్టానికి వదిలారు. కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదన్నారు. దానికి బదులుగా ఏమి ఇస్తారో కూడా ముందే తేల్చారు. ప్రవక్త అంతటివారికీ షరతులు ముందే స్పష్టమయ్యాయి. 'పనిలో చేరు, తరువాత చూద్దాం' అనే బేరానికి మన ఫిఖ్‌లో చోటు లేదు. కూలి ఎంతో తెలియని ఇజారా ఒప్పందం సరైనది కాదని ఫుఖహాలు చెప్పారు. బాల్యంలోనే ప్రవక్త (స) సేవలో చేరిన హజ్రత్ అనస్ (రజి) పదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట 'ఉఫ్' అనే మాట వినలేదని చెప్పుకున్నారు. మన షెడ్లలో షాగిర్ద్‌లు పగలంతా వినే మాటలు ఏమిటో మనకు తెలుసు.

మరొక చేదు నిజం చెప్పక తప్పదు. రంజాన్ వస్తుంది. ఏడాది పొడవునా కూలి ఎగ్గొట్టిన దుకాణదారుడు అదే కుర్రవాడికి ఒక జత బట్టలు, కొంత జకాత్ సొమ్ము ఇస్తాడు. కుర్రవాడు దువా చేస్తాడు, వీధి మెచ్చుకుంటుంది. హక్కును దానంగా మార్చి ఇవ్వడం దాతృత్వమా? కూలి అప్పు, జకాత్ ఇబాదత్. అప్పు తీర్చకుండా అదే సొమ్మును పుణ్యం ఖాతాలో జమ చేసుకోవడం ఎవరిని మోసగించడం?

ప్రభుత్వాల మీద మన అభియోగం

ఉస్తాద్‌ను మాత్రమే నిలదీసి ప్రభుత్వాన్ని వదిలితే అది సగం న్యాయమే. తాను నియమించిన కమిటీ 375 రూపాయలు సిఫార్సు చేసిన 2019లోనే కేంద్రం కనీస స్థాయిని 176 నుంచి 178కి, అంటే రెండు రూపాయలు పెంచి చేతులు దులుపుకుంది. తెలంగాణ ప్రభుత్వం 2021లో అయిదు రంగాలలో వేతనాలు సవరిస్తూ జీవోలు జారీ చేసి కూడా గెజిట్‌లో ప్రచురించకపోవడంతో వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. కొత్త కోడ్ తనిఖీ అధికారిని 'ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్'గా మార్చింది. తక్కువ చెల్లించిన యజమానిపై కేసు పెట్టే ముందు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వమంది. బండి మీద పండ్లు అమ్ముకునే పేదవాడికి లేని వెసులుబాటు కూలి ఎగ్గొట్టేవాడికి ఎందుకు?

అప్రెంటిస్‌ల విషయంలో అన్యాయం ఇంకా సూటిగా ఉంది. 5,000 రూపాయల స్టైపెండును 26 రోజులకు పంచితే రోజుకు 192 రూపాయలు. దానితో నగరంలో గది అద్దె కట్టి, బస్సు ఎక్కి, రెండు పూటలు తినడం సాధ్యమా? 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైపెండు పెంచమని సిఫార్సు చేసింది. కాని సిఫార్సుతో కడుపు నిండదు. 'శిక్షణార్థి, కార్మికుడు కాడు' అనే నిర్వచనం చాటున, శాశ్వత కార్మికుడు చేసే పనినే సగం ఖర్చుతో అప్రెంటిస్ చేత చేయించుకునే పెద్ద సంస్థలకు అడ్డుకట్ట ఎక్కడ? ఐటీఐ పూర్తి చేసి ఏడాది అప్రెంటిస్‌షిప్ తరువాత మళ్లీ వీధిన పడే యువకులలో మన పిల్లలూ ఉన్నారు.

అందువల్ల మేము కోరుతున్నవి ఇవి. అప్రెంటిస్ స్టైపెండు ఆ రాష్ట్రంలోని నైపుణ్యం లేని కార్మికుడి కనీస వేతనానికి తగ్గరాదు. నలుగురికన్నా తక్కువ మంది ఉన్న దుకాణాలు కొన్ని కలిసి ఉమ్మడిగా అప్రెంటిస్‌లను నమోదు చేసుకునే మార్గం ఉండాలి. స్టైపెండులో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు భరిస్తున్న జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకాన్ని ఆ దుకాణాలకు వర్తింపజేయాలి. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు బస్తీలలోనే జరగాలి. కార్మిక శాఖ కనీస వేతనాల పట్టికను తెలుగులో, ఉర్దూలో ప్రతి మార్కెట్టులో ప్రదర్శించాలి.

మన చేతిలో ఉన్న పని

ప్రభుత్వం కదిలే వరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. తల్లిదండ్రులారా, బిడ్డను పనిలో పెట్టే రోజున మొహమాటం వదిలి నాలుగు ప్రశ్నలు అడగండి: నెలకు ఎంత, రోజుకు ఎన్ని గంటలు, ఏమి నేర్పుతారు, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? జవాబులను కాగితం మీద పెట్టించండి. బిడ్డను తాకట్టు పెట్టే అడ్వాన్సు తీసుకోకండి. పద్నాలుగేళ్లు నిండని బిడ్డను బడి నుంచి తప్పించకండి.

యువకులారా, ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. వచ్చిన తేదీ, వెళ్లిన వేళ, తీసుకున్న సొమ్ము రాసుకోండి. ఫోన్‌పేలో వచ్చిన చెల్లింపులను చెరిపివేయకండి. తక్కువ ఇస్తే మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. మీ తరఫున రిజిస్టరయిన కార్మిక సంఘం కూడా దావా వేయవచ్చు. న్యాయవాదిని పెట్టుకునే శక్తి లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. పిల్లలు చిక్కుకున్న చోటు తెలిస్తే 1098కి చెప్పండి.

మస్జిదు కమిటీలారా, జుమా ఖుత్బాలో ఏడాదికి ఒక్కసారైనా కూలి గురించి మాట్లాడించండి. మీ మస్జిదు మలిగీలు అద్దెకు ఇచ్చేటప్పుడు, అక్కడ పనిచేసే ప్రతి కుర్రవాడికీ కనీస వేతనం చెల్లించాలనే షరతు ఒప్పందంలో చేర్చండి. మన సంఘాలు, సంస్థలు జకాత్ నిధి నుంచి సాయం పొందే పేదల జాబితాను ఒకసారి తిరగేసి చూడాలి. అందులో ఎందరు సరైన కూలి అందితే జకాత్ అవసరమే లేనివారో తేలుతుంది.

ఉస్తాదులారా, మిమ్మల్ని శత్రువులుగా భావించి ఇది రాయలేదు. బ్యాంకు అప్పు ఇవ్వక, పోలీసు వేధింపు తప్పక, పెద్ద షోరూముల పోటీ తట్టుకోలేక మీరు పడుతున్న పాట్లు మాకు తెలుసు. ఆ పోరాటంలో మీ పక్కన నిలబడతాం. కాని ఆ భారాన్ని మీ దుకాణంలో అందరికన్నా చిన్నవాడి భుజాల మీద మోపితే మాత్రం మీ పక్కన నిలబడలేం. ఈ నెల ఒకటవ తేదీన అతనిని పిలవండి. అతని పని ఏమిటో, ఆ పనికి ప్రభుత్వం ప్రకటించిన రేటు ఎంతో చూడండి. అంత సొమ్ము లెక్కపెట్టి అతని చేతిలో పెట్టండి. అది మీరు ఇచ్చే కానుక కాదు, అతడు సంపాదించుకున్నది.